గన్నవరం పైన వెలిగిన అంబర్ లైటు: కో-పైలట్‌గా నా అనుభవం

మా విమానం గురించి టీవీలో స్క్రోలింగ్ చూసిన చుట్టాలందరూ ఒకటే అడుగుతున్నారు: "లైటు వెలగ్గానే ఏం చేశారు?" ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరికీ తృప్తిగా లేదు. లైటు వెలిగాక మొదటి అర నిమిషం మేం దాదాపు ఏమీ చెయ్యలేదు. చెయ్యొద్దనే మాకు నేర్పిస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలైంది. అందులోనూ ఎక్కువ భాగం నేల మీదే జరిగింది.

జనవరి 18, ఆదివారం. సంక్రాంతి సెలవులు ముగించుకుని బెంగళూరు తిరిగి వెళ్ళేవాళ్ళతో ఫ్లైట్ నిండిపోయింది. 180 మంది ప్రయాణికులు, ఇద్దరు చంటిపిల్లలు, మేం ఆరుగురం. విమానం ఏ320. నాది గుంటూరు, కెప్టెన్ గారిది తెనాలి పక్కన పల్లె. కాక్‌పిట్లో మేం మాట్లాడేది ఇంగ్లీషే, కానీ బయటికొస్తే ఆయన నన్ను "అమ్మా" అంటారు, నేను "సర్" అంటాను. కంపెనీ పేరు, ఫ్లైట్ నంబరు రాయను. రిపోర్టు ఫైలు ఇంకా మూయలేదు.

ముందురోజు రాత్రే వచ్చి విజయవాడ హోటల్లో దిగాం. ఉదయం 6 గంటలకు ఎయిర్‌పోర్టులో రిపోర్టింగ్, మామూలు ప్రకారం, మద్యం తాగలేదని చూసే బ్రీత్ టెస్ట్. 7 గంటలకు బయల్దేరాలి. బయట చూస్తే పొగమంచు. జనవరిలో గన్నవరం సంగతి తెలిసిందే, విమానం పక్కన నిలబడితే రెక్క చివర కనిపించలేదు. 8:30 దాకా ఆగాం. ప్రయాణికుల్లో విసుగు అప్పటికే మొదలైంది, నాకైతే కాఫీ ఎక్కువైంది. ఎండ పొడొచ్చి మంచు విడిపోయాక, 9:04కి టేకాఫ్ తీసుకున్నాం. 08 రన్‌వే, అంటే ఏలూరు వైపు ముఖం. ఆ సెక్టార్ నడపడం నా వంతు. కెప్టెన్ గారు రేడియో, చెక్‌లిస్టులు చూస్తున్నారు.

గేర్, అంటే చక్రాలు, లోపలికి వెళ్ళింది, రెక్కల మీద కదిలే పలకలు, ఫ్లాప్స్, కూడా వెళ్ళాయి, ఆటోపైలట్ పెట్టాను. 4,000 అడుగులు దాటాం. అప్పుడు టింగ్ మని ఒక్కసారి. కళ్ళ ఎదురుగా ఉన్న మాస్టర్ కాషన్ అనే హెచ్చరిక లైటు అంబర్, అంటే ముదురు పసుపు, రంగులో వెలిగింది, మధ్య స్క్రీన్ మీద ఒక లైను పడింది: హైడ్, జీ రిజర్వాయర్, లో లెవెల్. ఆకుపచ్చ హైడ్రాలిక్ సిస్టమ్‌లో నూనె తగ్గిపోతోందని అర్థం.

ఎర్ర లైటు వెలిగి మోత ఆగకుండా మోగితే అది వేరే కథ. అంబర్ లైటు ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. చూసుకో, కానీ తొందరపడకు అని చెప్పడమే దాని పని. పైగా టేకాఫ్‌లో 80 నాట్ల వేగం దాటినప్పటి నుంచి 1,500 అడుగుల ఎత్తు దాకా చాలా హెచ్చరికలను కంప్యూటరే ఆపి ఉంచుతుంది, ఆ కాస్త సేపూ పైలట్ దృష్టి చెదరకూడదని. ఈ సంగతి చెప్తే మా నాన్నకి కోపం వచ్చింది. "అంటే తెలిసీ దాచిపెడుతుందా?" అన్నారు. అవును, దాచిపెడుతుంది. అది మంచికే.

కెప్టెన్ గారు లైటు నొక్కి ఆర్పేసి, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి ఊరుకున్నారు. నేను "ఐ హ్యావ్ కంట్రోల్, ఐ హ్యావ్ రేడియో" అన్నాను. విమానం ఎత్తు, వేగం, దిశ మూడూ ఒకసారి గట్టిగా చూసుకున్నాను. ట్రైనింగ్‌లో మాకు ఒక పాత ప్రమాదం గురించి పదే పదే చెప్తారు. 1972 డిసెంబర్ 29న అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 అనే విమానం దిగబోతుండగా ముందు చక్రం లైటు వెలగలేదు. చక్రం బాగానే ఉంది, కాలిపోయింది బల్బు. కాక్‌పిట్లో వాళ్ళందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసిందని ఎవరూ గమనించలేదు. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలి 101 మంది పోయారు. క్లాసులో వింటే పాత కథలాగే ఉంటుంది. ఆ రోజు మాత్రం నా కళ్ళు ఎత్తు చూపించే అంకెల దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాయి.

ఏటీసీని, అంటే నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పేవాళ్ళని, అడిగి 7,000 అడుగుల దగ్గర ఆగిపోయాను. అప్పుడు "ఈక్యామ్ యాక్షన్స్" అన్నాను. స్క్రీన్ మీద వచ్చిన పనులు చెయ్యమని నడిపేవాళ్ళే చెప్పాలి, చెప్పేదాకా రెండోవాళ్ళు ఏ స్విచ్చూ ముట్టుకోరు. తలపైన ప్యానెల్‌లో కెప్టెన్ గారు నొక్కినవి రెండే బటన్లు. మొదటిది పీటీయూ, అంటే ఒక సిస్టమ్ బలంతో ఇంకో సిస్టమ్‌ను నడిపే యంత్రం. రెండోది ఎడమ ఇంజిన్ మీద ఉన్న ఆకుపచ్చ పంపు. నూనె లేని సిస్టమ్‌లో పంపు తిరిగితే అదే కాలిపోతుంది కాబట్టి ఆపెయ్యడం. సినిమాల్లో చూపించే స్విచ్చుల హడావుడి అంతా మా దగ్గర ఈ రెండు బటన్లే.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. జేసీబీ చెయ్యి ఏ బలంతో లేస్తుందో, విమానం చక్రాలు, బ్రేకులు, రెక్కల మీద కదిలే పలకలు కూడా ఆ బలంతోనే కదులుతాయి: గొట్టాల్లో 3,000 పీఎస్‌ఐ ఒత్తిడితో ఉండే నూనె. ఏ320లో అలాంటివి మూడు వేర్వేరు సిస్టమ్‌లు ఉంటాయి, ఆకుపచ్చ, నీలం, పసుపు. ఒకటి పోయినా విమానం బాగానే ఎగురుతుంది, చేతికి తేడా కూడా తెలియదు. కానీ ఆకుపచ్చది పోతే దిగేటప్పుడు తెలుస్తుంది. చక్రాలు మామూలుగా దిగవు, ముందు చక్రం తిప్పలేం, మామూలు బ్రేకులు, ఆటో బ్రేకులు ఉండవు, దిగాక వేగం తగ్గించే రివర్స్ ఎడమ ఇంజిన్‌లో పని చెయ్యదు, ఫ్లాప్స్ నెమ్మదిగా కదులుతాయి. బ్రేకులకు మాత్రం పసుపు సిస్టమ్ ఆసరా ఉంటుంది. ఇదంతా స్టేటస్ పేజీలో వరసగా వచ్చింది.

అప్పుడే కెప్టెన్ గారు ఆ రోజు కాక్‌పిట్లో మొదటిసారి తెలుగులో మాట్లాడారు. "తొందరేం లేదమ్మా. మొదట్నుంచీ ఒకసారి చదువుకుందాం." నాకు టెన్షన్ అక్కడ దిగింది. అప్పటిదాకా ఉన్నట్టు కూడా తెలియలేదు.

ఏటీసీకి పాన్ పాన్ మూడుసార్లు చెప్పాను. ప్రాణాపాయం ఉంటే మేడే. ఇబ్బంది ఉంది, కానీ వెంటనే మునిగిపోయేది కాదంటే పాన్ పాన్. అవతలి గొంతు కొంచెం కూడా మారలేదు. మొత్తం ఎంతమంది ఉన్నారు, ఇంధనం ఎంతసేపటికి ఉంది, ప్రమాదకరమైన సరుకేమైనా ఉందా అని అడిగి, 7,000 అడుగుల్లోనే చుట్లు తిరగమన్నారు. తూర్పు వైపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి కైకలూరు దాకా చేపల చెరువులు గళ్ళు గళ్ళుగా కనిపించాయి. కొల్లేటి వైపు ఈ నెలల్లో పెద్ద పక్షులు ఉంటాయి కాబట్టి కిందికి దిగాక అదొక లెక్క వేసుకోవాలి.

ఇక అందరూ అడిగే రెండో ప్రశ్న: హైదరాబాద్ ఎందుకు వెళ్ళలేదు?

నిజానికి నేను మొదట అన్నది హైదరాబాదే. కెప్టెన్ గారు తన అభిప్రాయం చెప్పకుండా "నీకేమనిపిస్తోంది, ముందు నువ్వు చెప్పు" అన్నారు. ఆయన ముందు చెప్పేస్తే నేను తల ఊపేస్తానని ఆయనకు తెలుసు. నా లెక్క ఇది. హైదరాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, గన్నవరం 3,360. హైదరాబాద్‌లో మా ఇంజనీర్లు, విడిభాగాలు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ముందు చక్రం తిరగదు కాబట్టి దిగాక రన్‌వే మీదే ఆగిపోతాం, ట్రాక్టర్ వచ్చి లాక్కెళ్ళాలి. గన్నవరంలో ఉన్నది ఒక్క రన్‌వే. పండగ తర్వాత ఆదివారం, పొగమంచు వల్ల అప్పటికే ఆలస్యమైన ఫ్లైట్లన్నీ వరసలో ఉన్నాయి. మేం దిగితే గంటకు పైగా ఎయిర్‌పోర్టు మూతపడుతుంది.

ఆయన అన్నీ విన్నారు. "అవన్నీ నిజమే. కానీ ఆ నూనె ఎందుకు పోయిందో మనకు తెలియదు కదా. హైదరాబాద్ వెళ్ళి దిగేసరికి ఎంతలేదన్నా 40 నిమిషాలు. ఈలోపు పసుపుది కూడా తగ్గడం మొదలైతే?" అన్నారు. రెండూ పోతే ఎర్ర లైటే. అప్పుడు బ్రేకులకు మిగిలేది అక్యుమ్యులేటర్‌లో దాచి ఉన్న ఒత్తిడి, ఏడు సార్లు నొక్కడానికి సరిపోతుంది, అంతే. మా కింద పొడి రన్‌వే ఉంది, ఎండ వచ్చేసింది, గాలి లేదు. ట్యాబ్‌లో లెక్క వేస్తే భద్రత కోసం కలిపే మార్జిన్‌తో సహా 2,000 మీటర్ల లోపే ఆగిపోతామని వచ్చింది. "ఎయిర్‌పోర్టు గంట మూతపడటం మన సమస్య కాదు, వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. కంపెనీకి మెసేజ్ పెడితే నిర్ణయం మీదే అని జవాబొచ్చింది. గన్నవరమే అనుకున్నాం.

కానీ వెంటనే దిగలేం. టేకాఫ్ బరువు 68 టన్నులు, ఆ విమానం దిగడానికి పరిమితి 66. ఏ320కి ఇంధనం గాల్లో పారబోసే ఏర్పాటు లేదు. తప్పదనుకుంటే ఎక్కువ బరువుతోనూ దిగొచ్చు, కానీ బ్రేకులు సగం ఉన్న రోజున అదనపు బరువు ఎందుకు? రెండు టన్నులు కాలేదాకా తిరగాలి. ఎలాగూ చదువుకోవాల్సినది చాలా ఉంది. 2010లో సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటాస్ 32లో ఇంజిన్ పేలినప్పుడు, తెర మీద వస్తూ పోతున్న హెచ్చరికలన్నీ చదవడానికే ఆ పైలట్లకు ముప్పావు గంట దాటింది. మాది దాని ముందు చాలా చిన్న విషయం. అయినా ఒక్కో పేజీ ఒకరు చదవడం, ఇంకొకరు తలాడించడం కాకుండా మళ్ళీ చెప్పడం, అలా అన్నీ పూర్తయ్యేసరికి టైం ఎలా పోయిందో తెలియలేదు.

మా లీడ్ కేబిన్ క్రూ మంగళగిరి అమ్మాయి. ఇంటర్‌కామ్‌లో ఆమెకు కెప్టెన్ గారు నాలుగు ముక్కలు చెప్పారు: ఏమైంది, ఏం చేస్తున్నాం, ఎంత టైం ఉంది, ప్రత్యేకంగా చెయ్యాల్సింది ఏమిటి. ఆమె ఆ నాలుగూ తిరిగి అప్పజెప్పింది. తర్వాత ఆయన ప్రయాణికులతో ఇంగ్లీషులో, హిందీలో మాట్లాడి, చివర తెలుగులో అన్నారు. "నమస్కారమండీ. విమానంలో ఉన్న మూడు హైడ్రాలిక్ సిస్టమ్స్‌లో ఒకటి పని చెయ్యడం లేదు. మిగతా రెండూ బాగున్నాయి. వెనక్కి గన్నవరమే వెళ్తున్నాం. కొంచెం ఇంధనం ఖర్చయ్యేదాకా, దాదాపు అరగంట, ఇక్కడే తిరుగుతాం. చక్రాలు మామూలు కంటే ముందే దిగుతాయి, గాలి శబ్దం గట్టిగా వస్తుంది. దిగాక రన్‌వే మీదే ఆగుతాం, చుట్టూ ఫైరింజన్లు కనిపిస్తాయి. అవి పద్ధతి ప్రకారం వచ్చేవే, కంగారు పడకండి."

ఆ తర్వాత కేబిన్‌లో అరుపులేమీ లేవట. రెండో వరసలో ఒక పెద్దాయన మాత్రం "అయితే టిఫిన్ ఇప్పుడిస్తారా, దిగాకనా?" అని అడిగారట.

9:40 అయ్యాక కెప్టెన్ గారు "ఐ హ్యావ్ కంట్రోల్" అన్నారు. ఇలాంటి ల్యాండింగ్ కెప్టెన్ చెయ్యడమే మా కంపెనీ పద్ధతి. ఇప్పుడు చక్రాలు దించడం నా పని. మా ఇద్దరి సీట్ల మధ్య ఉన్న పెడెస్టల్ వెనక చివర, మడిచి పెట్టిన ఒక చిన్న హ్యాండిల్ ఉంటుంది. సిమ్యులేటర్‌లో తప్ప దాన్ని ఎప్పుడూ తిప్పలేదు. ఒళ్ళు వెనక్కి తిప్పి, హ్యాండిల్ బయటికి లాగి, కుడివైపుకి మూడు చుట్లు. అనుకున్నదానికంటే గట్టిగా ఉంది. మూడో చుట్టు దగ్గర మణికట్టు నొప్పి పుట్టింది. ఆ మూడు చుట్లకు తలుపుల తాళాలు, గేర్ తాళాలు విడిపోయి చక్రాలు వాటి బరువుకే కిందికి పడతాయి. కాళ్ళ కింద ధన్ మని మోత, వెంటనే గాలి హోరు. మామూలుగా చక్రాలు దిగాక తలుపులు మూసుకుంటాయి. ఇలా దించితే తెరిచే ఉంటాయి, హోరు అందుకే. ఒక ఆకుపచ్చ బాణం వెలిగింది, ఇంకొకటి వెలిగింది. మూడోది రావడానికి పట్టింది కొన్ని సెకన్లే, కానీ ఆ ఉదయం మొత్తంలో నాకు పొడుగ్గా అనిపించింది అదొక్కటే. వెలిగింది.

ల్యాండింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 9:53కి, దాదాపు 140 నాట్ల వేగంతో, ఏలూరు వైపు నుంచి వచ్చి దిగాం. కుడి ఇంజిన్ రివర్స్ ఒక్కటే తెరుచుకుంది. ముక్కు కొంచెం లాగింది, ఆయన తోక మీది రడ్డర్‌తో సరిచేశారు. మామూలు రోజుల్లో బ్రేక్ ప్రెషర్ చూపించే చిన్న గడియారంలో రెండు ముళ్ళు సున్నా దగ్గర పడి ఉంటాయి, వాటివైపు ఎవరూ చూడరు. ఆ రోజు ఆయన పాదాలు నొక్కిన కొద్దీ అవి లేస్తుంటే నేను వాటినే చూస్తూ వేగం పైకి చదివాను. రన్‌వే ఇంకా చాలా మిగిలుండగానే ఆగాం. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

అదే బ్రేకు ఊపుకి పద్నాలుగో వరస పైన సామాను అరలోంచి నూనె కారడం మొదలైందట. "ఆయిల్ లీకవుతోంది" అని ఒకాయన లేచి నిలబడ్డారు, వెంటనే ఇంకో పదిమంది లేచారు. లీడ్ అమ్మాయి తెరిచి చూస్తే, ఎవరి అత్తగారో కట్టిచ్చిన నేతి అరిసెల డబ్బా మూత ఊడిపోయింది. గాల్లో ఎవరూ భయపడలేదు కానీ నేల మీద ఆ నెయ్యి అందర్నీ లేపింది. 

అసలు లీకు నేను కాసేపయ్యాక చూశాను. ఎడమ చక్రాల గది కింద, టైరు పక్కన, కాంక్రీటు మీద వంకాయ రంగు చుక్కలు. ఆ నూనె రంగే అంత. చర్మానికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే చెప్పక్కర్లేదు. "దగ్గరికి రాకండి మేడమ్" అని ఇంజనీర్ చేత్తో ఆపేశారు.

ఇక్కడి నుంచి అంతా నిరీక్షణే. ఫైరింజన్లు చుట్టుముట్టాయి. బ్రేకుల వేడి తగ్గాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. గేర్ మడుచుకుపోకుండా మూడింటికీ పిన్నులు గుచ్చాలి, ఆ తర్వాతే లాగే ట్రాక్టర్ తగిలించాలి. ప్రయాణికులు లోపలే ఉన్నారు. ఏపీయూ, అంటే తోకలో ఉండే చిన్న ఇంజిన్, నడుస్తోంది కాబట్టి ఏసీ ఉంది, అదొక్కటే నయం. పార్కింగ్ బేకి చేరేసరికి 10:55. రన్‌వే మీద పడ్డ నూనె కడిగి, తనిఖీ చేసి తెరిచేసరికి 11 దాటింది. ఈలోపు వచ్చిన ఫ్లైట్లు కొన్ని పైన తిరిగి హైదరాబాద్ వెళ్ళిపోయాయి. అందులో ఢిల్లీ నుంచి వస్తున్న ఒకదాంట్లో మా పెదనాన్న కొడుకున్నాడు. హైదరాబాద్ నుంచి కారు మాట్లాడుకుని రోడ్డు మీద వచ్చాడు. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎదురు వైపు పండగ ట్రాఫిక్ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద "రన్‌వే మూసింది మన అమ్మాయేనంట, బిల్లు ఎవరికి పంపాలి?" అని రాశాడు. నాలుగున్నర వేలయిందట. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

ఫోన్ ఆన్ చెయ్యగానే మిస్డ్ కాల్స్ వరస కట్టాయి. పాన్ పాన్ చెప్పాక ఎయిర్‌పోర్టులో ఫుల్ ఎమర్జెన్సీ పెడతారు, ఊళ్ళోంచి అంబులెన్సులు బయల్దేరతాయి, వాటి వెనకే వార్త కూడా బయల్దేరుతుంది. మేమింకా పైన తిరుగుతుండగానే ఒక ఛానెల్లో "విమానంలో మంటలు" అని స్క్రోలింగ్ వేశారు. అగ్గిపుల్లంత మంట కూడా లేదు. నేను ఫోన్ చేసేసరికి అమ్మా నాన్నా కారులో కాజ టోల్‌గేట్ దాటారు. నాన్న "నీ గొంతేనా?" అన్నారు. అమ్మ ఫోన్ తీసుకుని ఏం మాట్లాడలేదు. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు నేను చెప్పేది ఒకటే: స్క్రోలింగ్ చూసి బండి తియ్యకండి. విమానం నేల మీద ఆగిన గంటకు గానీ మాకు ఫోన్ ముట్టుకునే తీరిక దొరకదు.

11:30కి మళ్ళీ బ్రీత్ టెస్ట్. ఉదయం చేసిందే, ఘటన జరిగింది కాబట్టి ఇంకోసారి. మేమిద్దరం, కేబిన్ క్రూ నలుగురూ. దగ్గు మందు, మౌత్‌వాష్ లాంటివి ముందు రోజు వాడినా చిక్కే. నాకు జలుబు ఉన్నా అల్లం టీతో నెట్టుకొచ్చాను. దానికంటే ముందే, కాక్‌పిట్ మాటలు దాచే వాయిస్ రికార్డర్ బ్రేకర్ లాగించడం అయిపోయింది. మా విమానంలో ఉన్నది రెండు గంటల మాటలే దాచుకుంటుంది. రికార్డింగ్ ఆగకుండా నడిస్తే పాతదాని మీద కొత్తది ఎక్కుతూ పోతుంది. ప్రయాణికులు దిగగానే కెప్టెన్ గారు చేసిన మొదటి పని అది. 

ఆ తర్వాత కాగితాలు. టెక్నికల్ లాగ్‌లో ఆయన రాసింది రెండు లైన్లు. సేఫ్టీ రిపోర్టు నేను మొదలుపెట్టాను. చెయ్యి వణకడం అప్పుడు మొదలైంది. పైన హ్యాండిల్ తిప్పినప్పుడు వణకని చెయ్యి, టైం కాలమ్‌లో 9:07 అని రాయడానికి వణికింది. కెప్టెన్ గారు చూసి చూడనట్టు ఊరుకుని, కాసేపయ్యాక "పెరుగన్నం తింటావా అమ్మా, మీ వాళ్ళు బయట ఉన్నారుగా, క్యారేజీ తెచ్చే ఉంటారు" అన్నారు. తేలేదు. కంగారులో బయల్దేరినవాళ్ళు ఏం తెస్తారు? క్యాంటీన్ పెరుగన్నమే ఇద్దరం తిన్నాం. కంపెనీ నుంచి ఫోన్లు వరసగా వచ్చాయి, ప్రతివాళ్ళకూ మొదటి నుంచీ చెప్పాలి. 3 గంటలు దాటాక వదిలారు. అప్పటిదాకా అమ్మా నాన్నా టెర్మినల్ బయట కుర్చీల్లోనే ఉన్నారు.

ప్రయాణికుల సంగతి కూడా చెప్పాలి. వాళ్ళకు ఇంకో విమానం బెంగళూరు నుంచి రావడానికి సాయంత్రం 4:30 అయింది. ఇంత చిన్న రూట్లో రెండు గంటలు దాటితే భోజనం పెట్టాలి. ఆరు గంటలు దాటితే ఇంకో ఫ్లైట్ కావాలో, డబ్బు వాపసు కావాలో ప్రయాణికుల ఇష్టం. దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన అది. అడిగితే గానీ కౌంటర్లో ఎవరూ చెప్పరు, కాబట్టి అడగండి. కొంతమంది వాపసు తీసుకుని రాత్రి బస్సులకు పరిగెత్తి, పండగ రేట్లు చూసి మళ్ళీ టెర్మినల్‌కే వచ్చారట. అప్పటికి వాళ్ళ సీట్లు రద్దయిపోయాయి. వాపసు నొక్కే ముందు బస్సు, రైలు టికెట్ ఉందో లేదో చూసుకోవాలి.

విడిభాగం, నూనె హైదరాబాద్ నుంచి రోడ్డు మీద వచ్చాయి. గేర్ దగ్గర వంగే చోట ఒక హైడ్రాలిక్ హోస్ చిట్లిందని తేలింది. గేర్ మడుచుకునేటప్పుడే తెగి ఉంటుందని ఇంజనీర్ అంచనా. విమానం మర్నాడు సాయంత్రమే ఎగిరిపోయింది. నేను ఎగరలేదు. విచారణ మాటలు పూర్తయ్యేదాకా మమ్మల్ని రోస్టర్ నుంచి తీసేస్తారు. అది శిక్ష కాదు, కానీ జీతంలో ఎగిరిన గంటలకు ఇచ్చే భాగం పోతుంది, ట్రైనింగ్ లోన్ కంతు మాత్రం ఆగదు. దీని గురించి మాకు ఎవరూ ముందు చెప్పరు. గుంటూరు ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్ లిఫ్ట్ టింగ్ మన్నప్పుడల్లా తల తిరిగి అటు చూసేది. రెండు మూడు రోజులకు అదీ పోయింది.

24న హైదరాబాద్‌లో సిమ్యులేటర్‌కి పిలిచారు. ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టారు, ఇవాళ నువ్వే కెప్టెన్ అన్నారు. గన్నవరం, 08 రన్‌వే, 4,000 అడుగులు, టింగ్. అదే లైను. కాకపోతే ఈసారి వాతావరణం రిపోర్టులో విజయవాడలో పొగమంచు మళ్ళీ పట్టింది, 400 మీటర్లు కూడా కనిపించడం లేదు. రెండు బటన్లు నొక్కించాను, స్టేటస్ చదివించాను, పక్కనున్న కుర్రాడిని "ముందు నువ్వు చెప్పు" అన్నాను. హైదరాబాద్ వెళ్ళాం. దిగి ఆగాక ఇన్‌స్ట్రక్టర్ "మొన్న గన్నవరం, ఇవాళ హైదరాబాద్. ఏది కరెక్టు?" అన్నారు. రెండూ అన్నాను. ఆయన ఏదో రాసుకుని, ఇంకేం అడగకుండా మమ్మల్ని మళ్ళీ రన్‌వే చివరికి తీసుకెళ్ళి, ఈసారి ఇంజిన్ ఫెయిల్యూర్ ఇచ్చారు.